ఎవరి కాయ వాళ్లదే

ముందు ఆ బొటనవేలు. నాలుక మీద అద్దుకుని ఆ తడితోనే పేకముక్క తీయడం. ప్రతి ముక్కకీ అంతే. ఆట అయ్యేసరికి కట్టంతా జిగటగా మెరుస్తుంటుంది. ఆ తర్వాత పళ్ల సందుల్లోంచి గాలి పీల్చే చప్పుడు. ఈ రెండింటిలో ఏది ఎక్కువ రోతో తేల్చుకోలేక, గడియారాలు బాగుచేసే అతను ఆటల దుకాణంలో అరల ముందు చాలాసేపటి నుంచి నిలబడిపోయాడు. కుడిచెయ్యి జేబులోంచి తీయలేదు.

“పేకముక్కలున్నవి వద్దండీ,” అన్నాడు చివరికి.

దుకాణం నడిపే పెద్దావిడ కళ్లజోడు పైకి నెట్టుకుంది. “అవీ వద్దా? ఇందాక పాచికలు వద్దన్నారు.”

“పాచికలు వేసే ముందు నోటి దగ్గర పెట్టుకుని ఊదుతాడు. తుంపర్లు పడతాయి.”

“మరీ సన్నకాయలు కూడా వద్దన్నారు. ఇక ఖాళీ డబ్బా ఇచ్చి పంపాలి నాయనా. ఇంతకీ ఆడేదెవరు?”

“ఇద్దరే. ఒకరు మా అక్క. కాజాలు కుట్టేది. ఆర్నెల్ల కిందట కుడిచెయ్యి పడిపోయింది. ఇప్పుడిప్పుడే వేళ్లు కదులుతున్నాయి. రోజూ ఆడితే, కాయలు పట్టుకోగా పట్టుకోగా మళ్లీ సూది పట్టే రోజు వస్తుందన్నారు. నాలుగు రోజులుగా బల్ల దగ్గరికే రానంటోంది.”

“ఎందుకట?”

“ఎదుటి మనిషి వల్ల.”

“మీ బావగారా?”

అతను పక్కనున్న డబ్బా మూత వంకరగా ఉంటే సరిచేశాడు.

“అర్థమైందిలే,” అని ఆవిడ స్టూలెక్కింది. “మగాళ్లు ఇంట్లో ఆడితే అట్లాగే ఉంటుంది. మా ఆయన గెలిచినప్పుడల్లా వీధిలోకెళ్లి చెప్పొచ్చేవాడు.”

అతనికి నవ్వు రాలేదు. అక్క చేత వ్యాయామం చేయించే అమ్మాయి, ఏ వేలు బద్ధకిస్తోందో చూడాలి, ఒక ఆట ఫోన్లో తీసి పంపండి అంది. బల్ల చివర ఫోన్ నిలబెట్టి తీశారు. పంపేముందు తన గడియారాల దుకాణంలో కూర్చుని చూశాడు, అక్క వేళ్ల కోసమే. పళ్లచక్రాల్లో నలుసు కూడా వదలని కన్ను అతనిది. కానీ ఆ కన్ను అక్క వేళ్ల మీద నిలవలేదు. ఎదురుగా ముక్కు కింది దాకానే కనపడుతున్న ఆ మనిషి మీదికే పోయింది. ఆ తడి వేలు. ఆ నోరు. గెలుపు దగ్గరపడగానే గొంతులో మొదలైన ఆ సన్నటి కూనిరాగం. అక్క ఒక కాయను పైకెత్తడానికి నిమిషం పట్టింది. ఎత్తింది. గళ్ల మీదుగా వణుకుతూ తీసుకొస్తోంది. అంతలో అడ్డంగా ఆ చెయ్యి వచ్చింది. “ఇక్కడేగా నువ్వు పెట్టేది,” అంటూ ఆమె వేళ్ల మధ్యనుంచి కాయను లాగి టక్కున పెట్టేసింది. అక్క వేళ్లు ఇంకా దేన్నో పట్టుకున్నట్టే గాల్లో ఉండిపోయాయి.

అది మూడుసార్లు చూశాడు. మూడోసారి చూశాక లేచి నోరు కడుక్కున్నాడు.

అన్నిటికంటే అసహ్యం, ఆ మనిషికి తెలియకపోవడం. ఎవరైనా తన చేతుల్ని ఇన్నేళ్లు మోసుకు తిరిగి, అవి ఏం చేస్తున్నాయో ఒక్కసారి కూడా చూడకుండా ఉంటారా? ఎవరూ చెప్పలేదా? అక్క చెప్పదు. ఆమె ఎవర్నీ ఏమీ అనదు. లేచి వెళ్లిపోతుంది, అంతే.

“ఇది చూడండి.” ఆవిడ ఒక డబ్బా దించింది. “ఒకరినొకరు ఓడించుకునేది కాదు. వరద వచ్చేలోపు ఇద్దరూ కలిసి వంతెన కట్టాలి. గెలిస్తే ఇద్దరూ, మునిగితే ఇద్దరూ.”

“కలిసి ఆడమంటే ఆమె వంతు కూడా తనే ఆడేస్తాడండీ.”

“అబ్బ, మనిషిని బాగానే చదివారు.” ఆవిడ ఇంకో డబ్బా తీసి దుమ్ము దులిపింది. “అయితే ఇది. ఇద్దరికోసమే చేసింది. చెక్క కాయలు, నిమ్మకాయంత ఉంటాయి. ఆట అయ్యేదాకా మాట్లాడకూడదు. ఎవరి కాయ వాళ్లదే. ఎదుటివాళ్ల కాయ వేలితో తాకినా ఇద్దరూ ఓడినట్టే.”

“ఎంతసేపైనా ఆగాలా?”

“ఆగాలి. ఆగడమే ఆట.”

అతను ఎడమచేత్తో డబ్బా అందుకుని ఒక కాయ తీశాడు. నున్నగా, బరువుగా ఉంది. అక్క గుప్పిట్లో ఇముడుతుంది.

“ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి,” అంది ఆవిడ సంచి విప్పుతూ. “నలభయ్యేళ్లుగా అమ్ముతున్నా. మనిషి అలాంటివాడైతే పెట్టెలో ఏమున్నా లాభం లేదు. మీ బావగారు ఎదురుగా కూర్చున్నంతకాలం ఆ తల్లి చెయ్యి ముందుకు రాదు.”

“మారడంటారా?”

“ఆయన సంగతి నాకెందుకు? అక్క కోసం ఇంత వెతుకుతున్నారు. వణికే చెయ్యి బాధ తెలిసినవారు, వీధి చివర గడియారాలు బాగుచేసేది మీరేగా, నిదానం తెలిసిన పని మీది. ఆయన్ని లేపేసి ఆ కుర్చీలో మీరే కూర్చోండి.”

అతను చేతిలోని కాయను డబ్బాలో పెట్టేశాడు. సరేనని సంచి పుచ్చుకుని వెళ్లిపోవచ్చు. ఆవిడ మంచి తమ్ముడనుకుంటుంది. గుమ్మం దాకా నడిచాడు కూడా. అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, జేబులోంచి కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టాడు.

“నాకు బావ లేడండీ, ఆ ఎదుటి మనిషి నేనే,” అన్నాడు.