పరగడుపున మూడు టెంకలు

"ఈవిడకి మామిడిపండు ఎవరు పెట్టారు?"

ఇన్సులిన్ సూది చేత్తో పట్టుకుని డాక్టర్ ప్రభాకరరావు అరిచిన అరుపుకి నూజివీడు తోటలోని ఆ ఇల్లంతా హడలిపోయింది. మంచం మీది పుష్పవతి మాత్రం కదల్లేదు. గోడవైపు తిరిగి పడుకునే ఉంది. ఎనిమిది నెలలుగా ఆమె అంతే. మాట లేదు, నవ్వు లేదు, తన చేత్తో ముద్ద ఎత్తింది లేదు. దిగులు జబ్బన్నారు. నెలగా మాత్రలు మింగిస్తున్నా మార్పు కనబడలేదు. ఈ పరీక్షతోనైనా దారి దొరుకుతుందని భర్త బసవపున్నారావు కొండంత ఆశ పెట్టుకున్నాడు.

"పరగడుపున ఉంచమన్నానా లేదా?"

"కాఫీ చుక్క కూడా ఇవ్వలేదండీ!" అన్నాడు బసవపున్నారావు.

"మరి దిండు మీద ఈ రసమేంటి?"

పుష్పవతి అత్తగారు నాగేశ్వరమ్మ ముందుకొచ్చింది. "ఏకాదశి ఉపవాసానికే పండు తింటాం గదండీ! పండుకి పరగడుపు పోతుందా ఏంటి? పొద్దున్నే బంగినపల్లి ముక్కలు కోసి పెట్టాను."

డాక్టరు తల పట్టుకున్నాడు. దిగులు జబ్బు మనుషుల్లో ఎదుగుదల హార్మోను సరిగా ఊరుతుందో లేదో చూసే పరీక్ష అది. ఖాళీ కడుపున సూదిమందిచ్చి, ఒంట్లో చక్కెర తగ్గించి, అప్పుడు రక్తం తీయాలి. దాన్ని మద్రాసు పంపాలని హనుమాన్ జంక్షన్ నుంచి జీపులో తెచ్చిన ఐసు వరండాలో కరిగిపోతోంది.

"ముప్పై ఏళ్ళ మనిషికి ఇంకా ఎదుగుదలేంటండీ?" అంది నాగేశ్వరమ్మ.

"పెద్దాళ్ళకీ ఊరుతుందమ్మా! మీ పండుతో పరీక్షంతా గంగపాలు!"

"అయ్యో, అది తింటేగా! రోజూలాగే పళ్ళు బిగబట్టింది." నాగేశ్వరమ్మ లోపలికెళ్ళి పళ్ళెం తెచ్చింది. ఒక్క ముక్కా తగ్గలేదు.

డాక్టరు మంచం కిందకి వంగి చూశాడు. మాగడానికి గడ్డిలో పేర్చిన చిన్నరసాలు. పక్కనే మూడు టెంకలు, తెల్లగా చీకేసినవి.

"మరివి ఎవరు తినిపించారు?"

"నేను కాదండీ!"

"నేనూ కాదు!"

తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మంచం కిర్రుమంది. పుష్పవతి పమిటతో మూతి తుడుచుకుంటూ లేచి కూర్చుంది.

"నేనే తిన్నానండీ. ముక్కలు నాకెక్కవు, రసాలైతే జుర్రుకుంటానని కాపురానికొచ్చినప్పట్నుంచీ చెబుతున్నా, అత్తయ్య వింటేగా!"