వచ్చాక సరిచేస్తాను

"రెండు జతలు చాలమ్మా. వెళ్ళేది నాలుగు రోజులకే."

తల్లి వినలేదు. మూడో జత కూడా మడిచి సంచిలో కుక్కింది. సూది, దారం, నాలుగు పిన్నీసులు పక్క అరలో పడేసింది. సంచి ఆమె కుట్టిందే. ముందు గదిలో మిషను పెట్టుకుని సంచులు కుట్టడమే ఆమె పని.

"ఆటల ప్రదర్శనకి వెళ్తున్నానే తల్లీ, అడవికి కాదు," అని నవ్వింది కూతురు. "ఇదిగో, ఈ పాత ఫోన్ నీ దగ్గరుంచు. నా ఆట గురించి ఎవరేం రాసినా ఇందులోకే వస్తుంది. జవాబు రాయకపోతే వాళ్ళకి కోపాలొస్తాయి."

"నేనేం రాయనే? నాకేం తెలుసు?"

"'వచ్చాక సరిచేస్తాను' అని రాయి. ఎవరేం తిట్టినా అదే."

ఫోన్‌లో ఆడే ఆ రైళ్ళ ఆట కూతురు ఒక్కతే కూర్చుని తయారుచేసింది. ఒక చిన్న స్టేషన్, నాలుగు బళ్ళు, ఎరుపూ పచ్చా సిగ్నళ్ళు. ఏ బండిని ఆపాలో, దేన్ని ముందు వదలాలో ఆడేవాళ్ళు తేల్చుకోవాలి. "బండి వస్తోంది, గీత దాటకండి" అని అందులో వినిపించే గొంతు కూడా కూతురిదే. వంటగదిలో కూర్చుని రికార్డు చేసింది.

ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తల్లి లోపలికొచ్చి ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఆమె బడి మొహం చూడలేదు. పొట్లాలు కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకుంది. అందుకే వచ్చిన ప్రతి మాటా రెండుసార్లు చదివేది.

"రేపు పరీక్ష పెట్టుకుని పన్నెండో లెవెల్ దగ్గర కూర్చున్నా. మొదటి బండి వెళ్ళిపోతుంది. రెండోదానికి పచ్చ రాదు. ఇదేం ఆటండీ బాబూ!" అని రాశాడు, ఎర్రదీపం అని పేరు పెట్టుకున్న ఒకతను.

ఒక్కో అక్షరం వెతికి నొక్కింది: వచ్చాక సరిచేస్తాను.

ఎరుపు కళ్ళల్లో పొడుస్తోందని ఒకరు రాశారు. బండి కూత మరీ పీలగా ఉందని ఒకరు. అందరికీ అదే జవాబు. "ఆ ఆడగొంతు తీసెయ్యండి, వెనకాల గిన్నెల మోత ఒకటి" అని రాసినావిడకి మాత్రం వేరే జవాబు వెళ్ళింది: గొంతు తియ్యను.

"గిన్నెల మోత నీదే కదే," అన్నాడు భర్త. ఆయన కిటికీ దగ్గర కూర్చుని గడియారాలు బాగుచేస్తాడు.

"నాదే. అది మాట్లాడుతోందని అంట్లు తోమడం మానుకోనా?"

పన్నెండో లెవెల్ మీద తిట్లు మాత్రం ఆగలేదు. ఎర్రదీపం మళ్ళీ రాశాడు: "ఆఫీసులో భోజనం మానేసి మరీ ఆడాను. అదే ఎరుపు! మీరు వచ్చేదెప్పుడు, సరిచేసేదెప్పుడు?"

ఒక మధ్యాహ్నం, ఆటలు అందరికీ అందించే కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. పన్నెండో లెవెల్ దాటడం అసాధ్యమని ఫిర్యాదులున్నాయి, తయారుచేసినవారు రేపు సాయంత్రంలోగా దారి చూపించకపోతే ఆటను తీసేస్తాం అని.

ఆమె కూతురి నంబరు నొక్కింది. అందుబాటులో లేదంది ఫోన్.

"పలకదని తెలిసీ చేస్తావేంటే?" అన్నాడు భర్త.

"ఆట తీసేస్తారటండీ. వచ్చి అడిగితే దానికేం చెప్పను?"

"'ఆ అమ్మాయి లేదు' అని రాసెయ్యి. ఓ పనైపోతుంది."

"'వచ్చాక' అంటే లేదనేగా అర్థం? ఊళ్ళో లేదనేగా?"

ఆయన చేతిలోని గడియారం బల్ల మీద పెట్టేశాడు. "నీతో నేను వాదించలేను తల్లీ," అంటూ చెప్పులేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె పన్నెండో లెవెల్ తెరిచింది. మొదటి బండి తెర అంచు దాటిపోయింది. రెండోది నిలబడి ఉంది. సిగ్నల్ నొక్కింది. ఎరుపే. బండిని నొక్కింది, పట్టాల్ని నొక్కింది, ఆఖరికి స్టేషన్ కప్పు కూడా నొక్కింది. ఎరుపే.

"ఏం మెలిక పెట్టి చచ్చిందో ఇందులో!"

అనేసి, నాలిక కరుచుకుంది. ఫోన్‌ని గుడ్డల కుప్ప మీదకి గిరాటేసి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

రెండు సంచులు అయ్యాయి. మూడోదానికి పట్టీలు వేస్తుండగా గుడ్డల్లోంచి గొంతు వినిపించింది.

"బండి వస్తోంది, గీత దాటకండి."

ఆమె కాలు ఆగిపోయింది. తెర అంచు దాటిపోయిన బండి మళ్ళీ లోపలికి వస్తోంది. అది స్టేషన్‌లో ఆగగానే రెండోదానికి పచ్చ వెలిగింది.

నమ్మలేక మళ్ళీ ఆడింది. వేలు తగిలితే చాలు, బండి తిరిగొచ్చే లెక్క మొదటికొచ్చేది. ముట్టుకోకుండా కూర్చుంటే బండి వచ్చేది. అంతకాలం ముట్టుకోకుండా కూర్చున్నవాళ్ళే లేరు, తనతో సహా.

కంపెనీకీ, ఎర్రదీపానికీ ఒకటే రాసింది: "తప్పు లేదు. ముందున్నది ఒకటే పట్టా. వెళ్ళింది వస్తేనే రెండోదానికి దారి. ఏమీ నొక్కకండి. కాచుకోండి. తిరిగి వస్తుంది."

మర్నాడు ఆటను ఉంచుతున్నామని కంపెనీ రాసింది. వెనకే ఎర్రదీపం: "వచ్చిందండీ! వేళ్ళు అరిగేలా నొక్కించి, చివరికి నొక్కొద్దంటారా! మీకో దణ్ణం. మరి పదమూడో లెవెల్ ఎప్పుడు?"

భర్త కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చదివాడు. "దీనికేం రాస్తావు?"

"ఏముందండీ, మామూలే."

వెతక్కుండానే వేళ్ళు అక్షరాల మీద పడ్డాయి: వచ్చాక.

ఏడేళ్ళ కిందట ఆ సంచితో వెళ్ళిన కూతురు తిరిగి రాలేదు.