కలలో దొంగ

మరదలు బట్టలసంచి సర్దుకుని మా ఇంటికి వచ్చేసింది. వెనకాలే తమ్ముడు, గడియారాలు బాగుచేసే దుకాణం మూసేసి.

"మీ తమ్ముడు పగలంతా నోట్లో నాలుక లేనట్టుంటారు వదినా. నిద్రలో నన్ను గుద్దుతారు, తన్నుతారు. లోపల ఎంత కోపం దాచుకున్నారో. పక్కనే పాలు మాడి కంపు కొడుతున్నా లేచి పొయ్యి ఆపరు. నేనంటే అంత అలుసు. ఇంక ఆ ఇంట్లో ఉండను."

"కలలో దొంగొచ్చాడక్కా. వాణ్ణి తన్నాను," అన్నాడు తమ్ముడు.

"ఆ దొంగ రోజూ నేను పడుకున్నచోటికే వస్తాడా?"

పెద్దదాన్ని కనుక తీర్పు నా నెత్తిన పడింది. దేవుడికి దణ్ణం పెట్టుకుని, నిద్రమాత్రలు రాయించుకుందామని ఇద్దరినీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన అంతా విని, "వాసనలు తెలుస్తున్నాయా?" అని అడిగారు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

"ఇది కోపం కాదమ్మా," అన్నారు డాక్టరు మరదలితో. "ఖాయంగా చెప్పలేను కానీ, ఇలా కలలో చేతులూ కాళ్లూ ఆడించేవాళ్లలో చాలామందికి కొన్నేళ్లకు పార్కిన్సన్స్ జబ్బు వస్తుంది. చేతులు వణుకుతాయి. వాసన తెలియకపోవడమూ అందులో భాగమే కావచ్చు."

బయటికి రాగానే మరదలి ముఖం విచ్చుకుంది. "అయితే నా మీద కోపం లేదన్నమాట. పదండి ఇంటికి," అంటూ సంచి తమ్ముడి చేతికిచ్చింది.

వాడు సంచిని పట్టుకున్న తన వేళ్లనే చూసుకుంటున్నాడు. వెంట్రుకంత మరను తడబడకుండా బిగించే వేళ్లవి.

బయల్దేరేముందు, వాడిది కోపం మాత్రం కాకూడదని దేవుణ్ణి వేడుకున్నాను. ఆయన విన్నాడు.