జీనోఫొరా అంటే...

"టెలిస్కోపియం అంటే దుర్భిణి. ట్యూరిటెల్లా అంటే చిన్న బురుజు. ప్లాసెంటా అంటే చదునైన రొట్టె."

బందరు కాలేజీ జువాలజీ ల్యాబులో ఏసుబాబు సారు గవ్వల శాస్త్రీయ నామాలకి అర్థాలు చెబుతుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు.

ఏ గవ్వ పేరు అడిగినా ఠక్కున అర్థం చెబుతాడని ఆయనకి పేరు. ఆ పేరంటే ఆయనకి ప్రాణం.

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

లుంగీ కట్టుకున్న పెద్దాయన. సముద్రం మీద వేటకెళ్ళే మనిషని చూస్తేనే తెలుస్తోంది.

తువ్వాలు మూట విప్పి ఒక గవ్వ బల్ల మీద పెట్టాడు. దాని వీపు నిండా వేరే చిన్న చిన్న గవ్వలు అతుక్కుని ఉన్నాయి.

"దీని పేరేంటో చెబుతారా సారూ? పేరుకి అర్థం కూడా కావాలండి. మా ఊరి పిల్ల ఇక్కడే చదువుతోంది, మీరైతే చెబుతారంది."

"జీనోఫొరా," అన్నాడు ఏసుబాబు.

"అంటేనండి?"

అది మాత్రం ఆయనకి తెలియదు.

ముప్ఫై మంది పిల్లలు చూస్తున్నారు. తెలియదన్న ఒక్క మాట గొంతు దాటలేదు.

"తిరిగి వచ్చేది అని," అనేశాడు.

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు.

"చల్లటి మాట చెప్పారు సారూ. బోటు బోల్తాపడి పదిహేను రోజులైంది. కొడుకు రాలేదు. చిరిగిన వల ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో దొరికింది ఈ గవ్వ. వాడు పంపిన కబురే అంటోందండి ఆవిడ. అదేం కబురో తెలిసేదాకా ముద్ద ముట్టనని కూర్చుంది."

ఏసుబాబు గవ్వని చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడైనా చెప్పేయొచ్చు. కానీ పిల్లల్లో ఒకమ్మాయి అప్పటికే కళ్ళు తుడుచుకుంటోంది.

"కాగితం మీద రాసివ్వండి సారూ. నేను చెబితే నమ్మదు."

ఏసుబాబు రాశాడు. కింద సంతకం కూడా పెట్టాడు.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. జారిన నోటికి సంతకం కూడా పెట్టినవాడి సంగతి ఏ సామెతా చెప్పలేదు.

వారం తిరక్కుండానే లైబ్రరీ పుస్తకంలో అసలు అర్థం కనబడింది.

పరాయివాటిని మోసేది.

వెళ్ళి చెప్పాలనుకున్నాడు. ప్రాక్టికల్స్ అన్నాడు. వాల్యుయేషన్ అన్నాడు. అన్నం ముందు కూర్చుంటే చాలు, పెద్దాయన జోడించిన చేతులు కళ్ళలో మెదిలేవి.

ఆరు నెలలు అలాగే గడిచాయి. చివరికి పెద్దాయన చెప్పిన ఊరి పిల్లని పిలిచి ఊరి పేరు అడిగి, కృత్తివెన్ను బస్సెక్కాడు.

బోటు బోల్తాపడి కొడుకు తిరిగిరాని తల్లి ఎవరని అడిగితే సత్యవతమ్మ ఇల్లు చూపించారు. ఇంటి ముందు ఆమె ఎండుచేపలు తిరగేస్తోంది. కాలేజీ సారునని చెప్పగానే గబగబా లోపలికెళ్ళి, ప్లాస్టిక్ కవరులో దాచిన చీటీ తెచ్చింది.

"మీరేనా బాబూ! ఇది చూశాకే నేను ముద్ద నోట్లో పెట్టాను. రోజూ వాడి కోసం కూడా గుప్పెడు బియ్యం పోస్తున్నా. కర్మ చెయ్యమంటే చెయ్యనని తెగేసి చెప్పా."

ఏసుబాబుకి అక్కడే భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"అది అబద్ధం అమ్మా. అప్పటికి ఆ పేరుకి అర్థం నాకు తెలియదు. పిల్లల ముందు పరువు పోతుందని నోటికొచ్చింది చెప్పాను. క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు."

ఆమె చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

"నాకూ తెలుస్తూనే ఉంది బాబూ. ఇచ్చేదే అయితే సముద్రం ఈపాటికి ఇచ్చేసేది."

"మీ ఆయన్ని పిలవండమ్మా. ఆయన కాళ్ళు పట్టుకుంటాను."

"మా ఆయనా? ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. మీ దగ్గరికొచ్చింది సోమేశ్వరరావు, అవతలి వీధి మనిషి. మొన్న ఉగాది వెళ్ళాక ఆయనా కాలం చేశాడు."

"మీకేమవుతారు?"

"ఏమీ కాడు బాబూ. ఆయన ఒక్కగానొక్క కొడుకూ ఆ బోటులోనే ఉన్నాడు. వాడి శవం మాత్రం ఒడ్డుకొచ్చింది."

ఆమె ఎండుచేపల వైపు తిరిగింది.

"వాడికి పెద్దకర్మ చేసిన మర్నాడే, నా కొడుకు కబురు కనుక్కోవడానికి ఆ గవ్వ పట్టుకుని మీ దగ్గరికి బయల్దేరాడు."