మేకు మీద లైఫ్ జాకెట్

“ఆ నీళ్లు మా ఇంట్లో ఒగర్ని మింగకుండా పోవు, చూస్తా ఉండు హనుమక్కా.”

కృపమ్మ ఈ మాట అనని రోజు లేదు. వేరుశనగ బుడ్డలు ఒలుస్తూ అంటుంది, ఎసట్లో బియ్యం పోస్తూ అంటుంది. పక్కింటి హనుమక్కకు విని విని విసుగొచ్చింది.

“నోరు మంచిది చేసుకో అక్కా. తాగేదానికి నీళ్లు లేక మనం చస్తాంటే, నీకు నీళ్ల భయమేంది?”

సాగునీటి కాలువ పక్కనున్న కణేకల్ దాకా వచ్చింది గానీ వీళ్ల ఊరి దాకా రాలేదు. సముద్రమైతే సినిమాలో చూసిందే. కృపమ్మ కొడుకు జాకబ్ మాత్రం కూలికని మంగళూరు పోయి, పడవల్లో చేపల వేట నేర్చుకుని, ఎవరో ఏజెంటును పట్టుకుని ఐర్లండ్ చేరాడు. అక్కడ పెద్ద మరపడవ మీద పని. వేటకు పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. నీళ్ల మీద ఉన్నన్నాళ్లూ ఫోను కలవదు.

ఒడ్డుకొచ్చినప్పుడల్లా వీడియో కాల్ చేసి అన్నీ చూపిస్తాడు. ఒకసారి రేవులో నిలబెట్టిన నల్లరాయి చూపించాడు. రాయి నిండా పేర్లు. పడవలు పగిలి సముద్రంలో పోయినవాళ్లవట. జాకబ్ పనిచేసే పడవ యజమాని తాత పేరు ఉంది. తాత తమ్ముళ్ల పేర్లూ ఉన్నాయి.

“ఈడ పాతకాలపోళ్లు ఈత నేర్చుకోరంట మా. ఆ చల్లనీళ్లలో ఈత కొడితే చావు ఆలస్యమైతాది అంతే, అనేటోళ్లంట.”

“రేయ్, ఆ రాయి మీద ఇంగా చోటుండాదా?” అంది కృపమ్మ.

జాకబ్ పగలబడి నవ్వాడు. “ఇప్పుడు లైఫ్ జాకెట్ లేకుండా పడవ మీద అడుగు పెట్టనీరులే మా.”

పోయిన సెలవుకు వచ్చినప్పుడు, అమ్మ ధైర్యానికని పాత లైఫ్ జాకెట్ ఒకటి తెచ్చిచ్చాడు. నారింజ రంగుది. కృపమ్మ దాన్ని ఏసుప్రభువు పటం పక్కన మేకుకు తగిలించింది. రోజూ ప్రార్థన చేసి దాన్ని తాకుతుంది. కొడుకు నీళ్ల మీద ఉన్నంతకాలం అది మేకు దిగకూడదు. దిగితే వాడికి కీడు. ఈ నియమం ఆమెకు పాస్టరూ చెప్పలేదు, ఇంకెవరూ చెప్పలేదు. తనే పెట్టుకుంది.

ఒకనాడు భర్త యేసన్న దాన్ని వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు.

“ఏమే, పెండ్లికొడుకు మాదిరి ఉండానా?”

కృపమ్మ గగ్గోలు పెట్టి లాక్కుంది. “వాని పానం దాంట్లో ఉండాది. ఇంగోసారి ముట్టుకుంటే చూడు!”

“చిలకలో పానం కథ చెప్తాండావే!” అని నవ్వుకుంటూ పోయాడు యేసన్న.

ఈ ఏడు వానలు పడ్డాయి. జాకబ్ సంపాదనతో చేన్లో తవ్వించిన కుంట మొదటిసారి నిండింది. నీళ్లు ఇంకకుండా అడుగునా అంచులకూ నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంట. ఊళ్లోవాళ్లు వచ్చి ఫోటోలు దిగారు. నీళ్లంటే వణికే కృపమ్మ కూడా దానికి చేతులెత్తి మొక్కింది.

అంతలోనే తుపాను కబురు. కూతురు ఆశ్రిత ఫోన్లో చూసి చెప్పింది. ఐర్లండ్ పడమటి తీరంలో భయంకరమైన గాలులు, పడవలన్నీ రేవులకు చేరాలన్నారు. జాకబ్ ఫోను మోగడమే లేదు. కృపమ్మ కన్ను మూయలేదు, ముద్ద ముట్టలేదు.

తెల్లవారి యేసన్న చేనికి బయలుదేరుతూ మేకు దగ్గర ఆగాడు. జాకెట్ వైపు చెయ్యి చాచాడు. కృపమ్మ తలెత్తి చూసింది. ఆ చూపుకు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“సరేలే, ఉండనీ. వాడు పలికితే నాకు కేకెయ్యి.”

తువ్వాలు తలకు చుట్టుకుని వెళ్లాడు.

మధ్యాహ్నానికి ఇంటి నిండా జనం. పాస్టరు వచ్చాడు. ఎవరో వాకిట్లో కుర్చీలు వేశారు. కృపమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఫోను నొక్కుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటుంది, మళ్లీ నొక్కుతుంది.

“నీళ్లు మింగేసినాయి హనుమక్కా. నేను చెప్తాంటే నవ్వితివే.”

హనుమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

యేసన్న చాప మీద పడుకునే ఉన్నాడు. ఎప్పుడూ తమాషాలాడే మనిషి, ఒక్క మాట లేదు. ఆశ్రిత తండ్రి కాళ్లు పట్టుకుని వెక్కుతోంది.

“పొద్దు వాలుతాందమ్మా. ప్రార్థన మొదలుపెడదామా?” పాస్టరు మెల్లగా అడిగాడు.

“నా కొడుకు పలికేదాక ఎవరూ ఏమీ మొదలుపెట్టేది లేదు.”

అప్పుడు మోగింది ఫోను.

“అమ్మా! నేనే మా, జాకబ్ని. ఇప్పుడే రేవుకొచ్చినాం. తుపానుకు ఒక దీవి చాటున దాక్కుంటిమి, సిగ్నలు లేకపాయ. అందరం బాగుండాం. ఏడ్చినావా ఏంది? రాయి మీద నా పేరు చెక్కలేదులే!”

గట్టిగా నవ్వాడు. స్పీకర్లో ఆ నవ్వు ఇల్లంతా వినబడింది. ఎవరూ కదల్లేదు.

“నాయనకియ్యి ఫోను. ఆయప్ప ఏమంటాండాడో విందాం.”

కృపమ్మ మేకు వైపు చూసింది. జాకెట్ మీద దుమ్ము కూడా లేదు. రోజూ తనే తుడుస్తుంది.

“అమ్మా? ఉండావా? నాయన యాడ?”

ఎవరో ఫోను అందుకోబోయారు. ఆమె ఇవ్వలేదు. అవతల జాకబ్ పిలుస్తూనే ఉన్నాడు. ఆ రేవులో పక్షుల అరుపులు కూడా వినిపిస్తున్నాయి.

కృపమ్మ ఫోను నోటి దగ్గరకు తెచ్చుకుంది.

“మీ నాయన కుంటలో పైపు తీయబోయి, పట్టా మీద జారి మునిగిపోయినాడు కొడకా, జాకెట్ ఏసుకుంటానని చెయ్యి చాపితే నేనే మేకు దించనీలేదు.”