లారీలు ఆగిన పూట

"లారీలు ఆపీకండి మేడంగోరూ! ఈ పూట ఎల్లనివ్వండి. మోగనివ్వండి!"

బడి గేటు దగ్గర ఎవరో మనిషి చేతులు జోడించి అరుస్తున్నాడు. నలిగిన లుంగీ, రేగిన జుట్టు, నిద్ర లేని కళ్లు.

హెడ్మిస్ట్రెస్ నాగశ్రీకి ఒళ్లు మండింది. పొద్దుటి నుంచీ కాలు గాలిన పిల్లిలా తిరుగుతుంటే, మధ్యలో ఈ తద్దినం ఒకటి!

ఆ బడి ఉన్నది విశాఖ పోర్టు నుంచి బొగ్గు లారీలు వచ్చే రోడ్డు పక్కన. హారన్ల మోతలో ఎక్కాలు చెప్పాలంటే గొంతు చించుకోవాలి. ఆ చప్పుడు కొలవడానికి ఇవాళ కాలుష్య నియంత్రణ ఆఫీసు నుంచి మనిషి వస్తాడని కబురొచ్చింది.

ఎందుకు కొలుస్తారో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోతే మనవాళ్లు ఊరుకుంటారా? చప్పుడు ఎక్కువని తేలితే బడి మూసేసి, హైవే అవతలి బడిలో కలిపేస్తారని పుకారు పుట్టించేశారు.

చిన్నపిల్లలు హైవే దాటి వెళ్తారా? సగం మంది చదువు మానేస్తారు. జూన్‌లోనే బదిలీ మీద వచ్చిన నాగశ్రీకి ఆ మాట విన్న దగ్గర్నుంచి కంటి మీద కునుకు లేదు. ఎలాగైనా బడిని నిలబెట్టుకోవాలి.

అందుకని తనిఖీకి చేసే హంగులన్నీ చేసింది. గేటు కడిగించింది. పిల్లల్ని నోటి మీద వేలేసుకుని కూర్చోమంది. మలుపులో ఉండే ట్రాఫిక్ కానిస్టేబుల్ అప్పలరాజుని బతిమాలి, ఈ పూటకి లారీలన్నిటినీ అక్కడే ఆపించింది.

ఇంత చేస్తే, మోగనివ్వమంటాడేంటి ఈ మనిషి!

"ఎవరయ్యా నువ్వు?"

"వరహాలండి. సేపలేటకి ఎల్తానండి. నాను సెప్పేది ఒక్క ముక్క ఇనండమ్మా. ఆ మిసన్లో..."

"ముందు అవతలికి నడు! ఆఫీసరొచ్చే టైమైంది."

బడి స్థలం మీద కన్నేసిన వాళ్లెవరో పంపి ఉంటారని ఆమె అనుమానం. మాట పూర్తి కానివ్వకుండా తరిమేసింది.

కాసేపటికి ఆఫీసు నుంచి సాయిశంకర్ వచ్చాడు. గేటు పక్కన స్టాండు వేసి మిషన్ బిగించాడు.

"ఎప్పుడూ ఇంత ప్రశాంతంగానే ఉంటుందా మేడం?"

"ఎప్పుడూ ఇంతేనండీ," తడుముకోకుండా చెప్పేసింది.

అతను తలూపి, తరగతి గదిలో ఇంకో మిషన్ పెట్టడానికి లోపలికి వెళ్లాడు.

అదిగో, అప్పుడే మలుపులో గొడవ మొదలైంది. వరహాలు ఆగి ఉన్న లారీ ముందుకెళ్లి బానెట్ మీద దబదబా బాదుతున్నాడు.

"కొట్టు బావా! నీకు దండం పెడతాను, ఒక్కసారి హారన్ కొట్టు!"

పోలీసు ఎదురుగా ఉండగా ఏ డ్రైవరు కొడతాడు?

"ఏటిరా, పొద్దున్నే ఏసేసినావేటి?" అప్పలరాజు అతని చెంప పగలగొట్టాడు.

తీసుకెళ్లిపొమ్మని నాగశ్రీ దూరం నుంచే చెయ్యి ఊపింది. అతన్ని ఆటోలో కుక్కి స్టేషన్‌కి పంపేశారు. పోతూ పోతూ ఆ మనిషి చంటిపిల్లాడిలా ఏడ్చాడు.

రద్దీ వేళ గడిచింది. సాయిశంకర్ మిషన్ చూసి, ఫోన్‌లో ఆఫీసుకి ఏదో పంపాడు.

"చప్పుడు హద్దులోనే ఉంది మేడం."

"సింహాద్రి అప్పన్నా! మా బడి బతికింది," అని దణ్ణం పెట్టుకుంది నాగశ్రీ.

"బడికేమైంది మేడం? హద్దు దాటితే ఈ లారీలని వేరే రోడ్డుకి మళ్లిద్దామని కదా ఈ కొలత! ఇంక మళ్లించరు."

నాగశ్రీ మిషన్ స్టాండు పట్టేసుకుంది.

"అయ్యో, నేనే లారీలు ఆపించానండీ! రేపు మళ్లీ కొలవండి."

"ఇప్పుడా చెప్పేది? ఎప్పుడూ ఇంతేనన్నారు కదా, అదే రాసి పంపేశాను. మిషన్ మళ్లీ ఈ వీధికి ఎప్పుడొస్తుందో! ఇప్పుడు రావడానికే ఒకాయన మా ఆఫీసు మెట్లు అరిగేలా తిరిగాడు. గేటు దగ్గరే ఉంటానన్నాడు, కనపడలేదు పాపం."

"వరహాలా?" నాగశ్రీ మలుపు వైపు చూసింది.

"ఆయనే. మీకు తెలుసా?"

మలుపులో అప్పలరాజు ఈల వేశాడు. ఆగిన లారీలన్నీ ఒక్కసారిగా హారన్లు కొట్టుకుంటూ కదిలాయి. బడి కిటికీలు గడగడలాడాయి.

"ఆయన పిల్లలు ఇక్కడ చదువుతున్నారా?" ఆ మోతలో ఆమె అరవాల్సి వచ్చింది.

సాయిశంకర్ కూడా అరిచే చెప్పాడు.

"ఒక్కతే కూతురు మేడం, దేవి! కిందటేడు రోడ్డు అవతల నుంచి 'ఆగమ్మా' అని ఆయన పెట్టిన కేక ఈ హారన్లలో వినపడక, ఈ గేటు ముందే లారీ కింద పడి చచ్చిపోయింది!"