కోతులెత్తుకుపోయిన అడాప్టర్

"కోతి అడాప్టర్‌ను ఏం జేసుకుంటదవ్వా?"

సంపత్‌కు నవ్వు ఆగలేదు. మందమర్రి మార్కెట్లో పాత సామాన్లు రిపేరు చేసే షాపు అతనిది. ఎలుక కొరికిందన్నవాళ్లను చూశాడు, పిల్లలు పీకారన్నవాళ్లను చూశాడు. కోతి మీద నేరం మోపినవాళ్లను మాత్రం ఇదే చూడటం.

కిష్టవ్వ నవ్వలేదు. చంకలోని మూటను బల్ల మీద దించి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏం జేసుకుంటదో నాకేమెరుక కొడుకా. నిన్న రేషన్ బియ్యానికి పోయి పొద్దూకేదాక లైన్ల నిలవడ్డ. వచ్చేవరకు మా ముసలాయన అరుగు మీద కూసున్నడు. అడాప్టర్ పెట్టిన సంచిల పండ్లున్నయనుకొని కోతులు వైరుతోని సహా గుంజుకపోయినయట. మా కాలనీల కోతులు పొయ్యి మీది గిన్నెలే ఎత్తుకపోతయి, గిదెంత?"

మూట విప్పితే ఆక్సిజన్ మిషన్. ఆదిలాబాద్‌లో ఎవరో వాడి, అవసరం తీరాక వాళ్లింటివాళ్లు అమ్మేసినది. ఆ అవసరం ఎలా తీరి ఉంటుందో వేరే అడగాల్సిన పనిలేదు. సంపత్ నవ్వు ఆగిపోయింది.

"తాతది బొగ్గుబాయి పనేనా అవ్వా?"

"బాయి పనే. బొగ్గు దుమ్మంత రొమ్ముల కూసున్నది. గిది ముక్కుకు పెట్టుకుంటేనే ఇంత నిద్ర. నిన్న రాత్రి గోడకానుకొని తెల్లందాక కూసోనే ఉన్నడు. జర జల్ది సూడు బిడ్డా."

సంపత్ పాత అడాప్టర్ల గోనెసంచిని నేల మీద బోర్లించాడు. చిక్కుపడ్డ వైర్లలోంచి ఒకటి లాగి పెట్టాడు. పిన్ను ఇట్టే దూరింది.

"సరిపోయింది!" అంది కిష్టవ్వ.

"పిన్ను సరిపోతే ఏం లాభమవ్వా. ఇది పన్నెండు వోల్టులు. దీనికి ఇరవై నాలుగు కావాలె."

ఇంకొకటి తీశాడు. ల్యాప్‌టాప్‌ది, పంతొమ్మిది. మరొకటి నీళ్ల ఫిల్టర్‌ది. వోల్టులు సరిగ్గా ఇరవై నాలుగే. స్విచ్ వేయగానే మిషన్ ఒక్కసారి మూలిగి, కీచుమని మొత్తుకుని ఆగిపోయింది.

"గిది గింత బరువు మొయ్యలేదు. గట్టిగ పెడితే కాలిపోతది."

"కొత్తది తెప్పియ్యరాదు?"

"గీ మోడలే బందయింది. హైదరాబాద్‌ల అడుగుత. దొరికినా వారం పడుతది."

"వారమా!" అంది కిష్టవ్వ. ఆ వారం తన ఇంట్లో ఎలా గడుస్తుందో ఆమెకు తెలుసు. స్టూలు మీద కూలబడింది.

"ఆయనైతే గీ మిషనే వద్దేవద్దంటుండు. రాత్రంత నువ్వు మేలుకొని ఆ మిషన్ దిక్కే సూసుకుంట కూసుంటే ముందుగాల నీ పానమే పోతదంటడు. నా పానం సంగతి నేను సూసుకుంట గని, ఆయన పోతే నేనెవలికి వండాలె కొడుకా?"

 సంపత్ నేల మీది వైర్ల కుప్పను అడుగు దాకా చేత్తో మళ్లీ కెలికాడు. ఏమీ లేదని ఇద్దరికీ అర్థమైంది. కిష్టవ్వ మిషన్‌ను మూట కట్టడం మొదలుపెట్టింది.

అప్పుడే సంపత్ భార్య రమ అన్నం డబ్బాతో వచ్చింది. డబ్బా పెట్టడానికి అరలో ఉన్న కవరును పక్కకు జరిపింది. కవరులోంచి నల్లటి అడాప్టర్ ఒకటి జారి బల్ల మీద పడింది.

సంపత్ తీసి దాని మీది అక్షరాలు చదివాడు. నమ్మలేక మళ్లీ చదివాడు. కిష్టవ్వ కట్టిన ముడి తనే విప్పి, పిన్ను గుచ్చి స్విచ్ వేశాడు.

పచ్చ లైటు వెలిగింది. మిషన్ ఆగకుండా హాయిగా తిరగసాగింది. కిష్టవ్వ గొట్టం కొసకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"గాలొస్తుంది!" అంది. కళ్లలో నీళ్లు, ముఖంలో నవ్వు.

"ఇదెక్కడిదే?" అన్నాడు సంపత్.

"నిన్న నువ్వు మంచిర్యాల పోయినప్పుడు ఒక ముసలాయన ఇచ్చి పోయిండు. నీకు చెప్పుడే మర్సిన."

కిష్టవ్వ చేతులు రెండూ పైకెత్తింది. "ఎవలో గని, సల్లగుండాలె. నూరేండ్లు బతకాలె!"

"ఏం బతుకుడో అవ్వా! ఆటో దిగి గీ మెట్టెక్కేలోపు రెండుసార్లు కూసున్నడు. నోట మాట ఎల్లుతలేదు, అంత ఆయాసం. పైసలిస్తమన్నా వద్దన్నడు."

కిష్టవ్వ చేతులు మెల్లగా దిగాయి. రమ అది గమనించలేదు. అన్నం డబ్బా మూత తీస్తూ నవ్వింది.

"ఇంట్ల అడిగితే ఏం జెప్తవ్ తాతా అంటే, కోతులెత్తుకపోయినయని చెప్త అన్నడు."